ముక్కు మేస్త్రీ సబ్బునీళ్ళు

కొత్త గ్యాస్ పొయ్యి కొనుక్కున్నవాళ్ళు అగ్గిపుల్ల కంటే ముందు ముక్కు మేస్త్రీని వెతుక్కునేవాళ్ళు.

ఆయన వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, పొయ్యి వెనకా కిందా వంగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చేవాడు. ఇంట్లోవాళ్ళు తాము కూడా ఊపిరి బిగబట్టి ఆయన ముఖం వంకే చూసేవాళ్ళు. ఆయన తీరిగ్గా నడుం నిలబెట్టి, "ఊఁ, వెలిగించండి" అనేవాడు. ఆ మాట పడిందంటే ఇక ఆ ఇంటి ఇల్లాలికి పొయ్యి మీద అనుమానం ఉండేది కాదు. పైవాళ్ళకి అది మాట. చుట్టాలకి మాత్రం శాసనమే. చెల్లెళ్ళ ఇళ్ళల్లో, పినతండ్రి పిల్లల ఇళ్ళల్లో, బావమరిది ఇంట్లో, ముక్కు మేస్త్రీ ఊఁ అనకుండా ముప్ఫయ్యేళ్ళుగా ఒక్క పొయ్యి కూడా అంటుకోలేదు.

అలాగని ఆ ముక్కు చూడ్డానికి ఏమంత గొప్పది కాదు. కాస్త చప్పిడిది కూడా. పదిహేడో ఏట గ్యాస్ సామాన్ల షాపులో పనికి చేరినప్పుడు అక్కడి పెద్ద ఫిట్టరు ఆయనకి మొదట నేర్పింది స్పానరు పట్టడం కాదు, సబ్బునీళ్ళు కలపడం. పైపు బిగించిన ప్రతి అతుకు మీదా కుంచెతో సబ్బునీళ్ళు రాసి, బుడగ లేస్తుందేమో చూడాలి. లేస్తే గ్యాస్ కారుతున్నట్టు. పది రోజులు చేసి, కుర్రతనం కొద్దీ, "ముక్కుండగా ఈ స్నానాలు ఎందుకండీ" అన్నాడట. పెద్ద ఫిట్టరు కోప్పడలేదు. "ముక్కు మనిషిది. మనిషికి ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు బాగుండదు. సబ్బుకి ఆ గొడవ లేదు" అని మాత్రం అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది ఆ మాట.

ఎందుకంటే ఆ ముక్కు నిజంగానే గట్టిది. ఒకసారి మూడంతస్తుల భవనంలో ఎక్కడో గ్యాస్ వాసన వస్తోందని కబురొస్తే, అందరూ తలుపులు కొట్టుకుంటూ తిరుగుతుంటే, ఆయన మెట్ల కింద నిలబడి రెండుసార్లు గాలి పీల్చి, "రెండో అంతస్తు, ఎడమ చేతి వైపు" అన్నాడు. వెళ్ళి చూస్తే అంతే. ఆ రోజు నుంచి కన్నవాళ్ళు పెట్టిన పేరు చిట్టీల మీద మిగిలిపోయింది, నోళ్ళలో ముక్కు మేస్త్రీ నిలబడిపోయాడు. షాపు యజమాని కూడా ఫోనులో, "భయపడకండమ్మా, మా ముక్కుని పంపిస్తున్నా" అనడం మొదలుపెట్టాడు.

పెళ్ళయిన కొత్తలో అత్తవారింటికి వెళ్ళినప్పుడు, గుమ్మంలో అడుగు పెట్టగానే ముఖం చిట్లించి, కుర్చీ చూపిస్తున్న మామగారిని దాటుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెనక వదులైన పైపు బిగించి వచ్చి అప్పుడు కూర్చున్నాడు. అప్పటికి పన్నెండేళ్ళున్న బావమరిది, "అక్కా, మీ ఆయన నీ కోసం వచ్చాడా, స్టవ్ కోసం వచ్చాడా?" అన్నాడు. ఆ వేళాకోళం ముప్ఫయ్యేళ్ళయినా పాతబడలేదు. ఆ బావమరిది పెద్దవాడై పేరున్న వడ్రంగి అయ్యాడు. అతను చేసిన బీరువా తలుపు మూస్తే సందు ఎక్కడుందో వెతుక్కోవాలి. బావకి ముక్కు ఎలాగో తనకి చెయ్యి అలాగని అతని నమ్మకం, ఆ నమ్మకం అబద్ధం కూడా కాదు.

అటువంటి ముక్కు యాభై తొమ్మిదో ఏట చచ్చిపోయింది.

ఏదో జ్వరం. పది రోజులు మంచాన పడేసి, వెళుతూ వెళుతూ వాసనని వెంటబెట్టుకుపోయింది. ఆ సంగతి ఆయనకి వెంటనే తెలియలేదు. ఒక పొద్దున వంటింట్లోనే పీట మీద కూర్చుని పాత రెగ్యులేటరు విప్పుకుంటున్నాడు. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె అడుగు నల్లబడి, ఇల్లంతా కంపు కమ్మింది. భార్య పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పి, గిన్నెకి మూడడుగుల దూరంలో ప్రశాంతంగా కూర్చున్న భర్తని చూసింది. తిడదామని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి మూసుకుంది. ఆయన నల్లబడ్డ గిన్నె వంక చూస్తున్నాడు. తర్వాత లేచి, ఒక వెల్లుల్లి రెబ్బ నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత కిరసనాయిలు సీసా. తర్వాత ఇంకేమీ పెట్టుకోలేదు.

డాక్టరు, రావచ్చు, రాకపోవచ్చు, ఆరు నెలలు చూడమన్నాడు. ఆరు నెలలు చూశారు. ఏడాది చూశారు. భార్యకి తప్ప పురుగుకి కూడా చెప్పలేదు. ముక్కు లేదంటే ఇక తననెవరు పిలుస్తారు? షాపులో ఇంకో నలుగురు ఫిట్టర్లున్నారు, అందరూ తన కంటే పడుచువాళ్ళు. "మా ముక్కుని పంపిస్తున్నా" అన్న యజమాని, ముక్కే లేనివాణ్ణి ఎవరింటికి పంపుతాడు? పని మానేసి ఇంట్లో కూర్చుంటే తిండికి లోటు ఉండకపోవచ్చు గానీ, పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఏ గుమ్మంలోకి వెళ్ళాలో తెలియని రోజుని ఆయన ఊహించుకోలేకపోయాడు.

సంచీలో ఒక కొత్త వస్తువు చేరింది: చిన్న ప్లాస్టిక్ డబ్బాలో సబ్బునీళ్ళు, దానికి తోడు అరంగుళం కుంచె. నలభై ఏళ్ళ కింద నవ్విన పనినే ఇప్పుడు ఆయన దొంగచాటుగా మొదలుపెట్టాడు. ఇంటివాళ్ళని మంచినీళ్ళు తెమ్మని లోపలికి పంపి, ఆ మధ్యలో అతుకు అతుకూ తడిపి చూసేవాడు. సిలిండరు దగ్గర, రెగ్యులేటరు దగ్గర, గొట్టం మొదట్లో, చివర్లో. నిమిషం పాటు రెప్ప వేయకుండా చూసి, గుడ్డతో తుడిచేవాడు. తర్వాత ఇంటివాళ్ళు వచ్చాక ఎప్పటిలాగే వంగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చి, "ఊఁ, వెలిగించండి" అనేవాడు. పని నిజం, నటన అబద్ధం. ఆ రెండింటి మధ్యా రెండేళ్ళు నలిగాడు.

అయితే ఒక సంగతి ఆయనకే ఆశ్చర్యంగా ఉండేది. ముక్కు పనిచేసిన రోజుల్లో ఎన్నడూ పట్టుకోని చిన్నచిన్న లీకులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆవగింజంత బుడగ, నిమిషానికి ఒకటి లేచేది. అంత సన్నటి లీకు ఏ ముక్కుకీ అందదు. అప్పుడు ఆయనకి చెమట పట్టేది. ఇలాంటివి ఇన్నేళ్ళలో ఎన్ని వదిలేసి వచ్చానో, ఎన్ని ఇళ్ళు కేవలం అదృష్టం మీద వండుకు తిన్నాయో అని. "ముక్కు పోయాక పని వచ్చిందే నాకు" అన్నాడొకసారి భార్యతో. ఆవిడ నవ్వలేదు.

"మరి ఆ మాట వాళ్ళకీ చెప్పరాదూ" అంది.

ఆయన సంచీ సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఇలా ఉండగా బావమరిది గ్యాస్ బార్బెక్యూ కొన్నాడు.

నాలుగు చక్రాల బండి లాంటిది, పైన పెద్ద ఉక్కు మూత, లోపల మాంసం కాల్చే కమ్మీలు, కింద మూడు బర్నర్లు, ముందు మూడు తిప్పుడు బిళ్ళలు. సిలిండరు పక్కన నేల మీద పెట్టుకోవాలి. వడ్రంగి కంటికి అది నచ్చలేదు. మెరిసే బండి పక్కన మట్టి కొట్టుకుపోయిన సిలిండరు ఏమిటి, కొత్త చొక్కా మీద పాత తువ్వాలులా? వారం రోజులు కూర్చుని సిలిండరుకి ఒక టేకు పెట్టె చేశాడు. మూలలు గోరు దూరకుండా కలిపి, మూత మరలతో బిగించి, మెరుగు పెట్టి, సిలిండరు తెరవడానికీ కట్టడానికీ పక్కన చెయ్యి పట్టేంత చిన్న తలుపు, అడుగున గొట్టం బయటికి రావడానికి కొలిచి చేసిన కంత. అంతా అయ్యాక ఫోను చేశాడు. ఆదివారం మధ్యాహ్నం మేడ మీద అందరూ రావాలి, షాపు యజమాని గారిని కూడా పిలిచాను, ఆయన షాపు అలమార్లన్నీ నేను చేసినవే కదా, నువ్వు ఊఁ అంటే తప్ప వెలిగించను అని చెప్పాడు. యజమాని పేరు వినగానే మేస్త్రీ, వస్తానని మాత్రం అని ఫోను పెట్టేశాడు.

చుట్టంగా వెళుతున్నవాడు సంచీ ఏం పట్టుకెళతాడు? భార్య తీసి ఇచ్చిన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉత్త చేతులతో వెళ్ళాడు. ఆ ఒక్క రోజుకి పొరపాటు చేశాడు.

మేడ మీద ఎండ పలచగా ఉంది. పిట్టగోడ పొడుగునా కుర్చీలు వేశారు. బావమరిది భార్య పళ్ళేల నిండా మాంసం ముక్కలు, ఉల్లిపాయ చక్రాలు, మొక్కజొన్న పొత్తులు సర్ది గుడ్డ కప్పి ఉంచింది. పిల్లలు నలుగురైదుగురు మెట్ల మీద వరసగా కూర్చుని ఆకలి పాట మొదలుపెట్టారు. బార్బెక్యూని బావమరిది మెట్ల గది వారగా, ఆ పెట్టెని దానికి ఆనించి నిలబెట్టాడు. యజమాని చేతులు వెనక కట్టుకుని పెట్టె చుట్టూ తిరిగి, మూల మీద బొటనవేలు రాసి చూసి మెచ్చుకున్నాడు.

"చీమ దూరే సందు కూడా లేదండీ," అన్నాడు బావమరిది. "బావా, నువ్వు కూడా చూడు. నీ పని నువ్వు కానిస్తే నా పని నేను కానిస్తా. వీళ్ళు నన్ను వేయించుకు తినేలా ఉన్నారు."

మేస్త్రీ చూశాడు. గొట్టం పెట్టెలోకి వెళుతోంది, లోపల ఏముందో కనబడదు. మూత మరలతో బిగించి ఉంది. ఈ బండితో వచ్చే గొట్టం అడుగు కంతలోంచి సిలిండరు మెడ దాకా అందేంత పొడుగుండదని ఆయనకి తెలుసు. "లోపల అతుకు ఏమైనా వేశావా?" అని అడిగాడు. చిన్నది, చాలలేదు, పాత స్టవ్ గొట్టం ముక్క కలిపాను, గట్టిగానే ఉందిలే అన్నాడు బావమరిది. పెట్టె మూత ఒకసారి విప్పు, కాసిని సబ్బునీళ్ళు పట్రా అన్నాడు మేస్త్రీ. బావమరిది నడుం మీద చేతులు పెట్టుకుని అందరివైపూ తిరిగాడు.

"చూశారా? ఇంట్లో పులిని పెట్టుకుని పిల్లిని అరువడుగుతున్నాడు మా బావ. ఎనిమిది మరలు బావా అవి. విప్పి బిగించేసరికి పొద్దు గుంకుతుంది. నువ్వోసారి ముక్కు పెట్టు, చాలు."

యజమాని కూడా నవ్వాడు. "ఆయన ముక్కు పెట్టాక ఇంకేం సందేహం? మా షాపుకి బోర్డు లేకపోయినా ఫరవాలేదు గానీ ఆ ముక్కు లేకపోతే కష్టం."

ముప్ఫయ్యేళ్ళ అలవాటు ఎంత చెడ్డదంటే, ఆయన నడుం ఆయన్ని అడక్కుండానే వంగింది. పెట్టె మీదికి వంగి, కళ్ళు మూసుకున్నాడు. మెట్ల మీద పిల్లలు కూడా పాట ఆపేశారు. ఆయన గాలి పీల్చాడు. చల్లగా ఉంది గాలి. అంతే. అందులో ఏముందో, ఏం లేదో, గోడకి తెలిసినంతే తెలిసింది ఆయనకి. నాలుక చివర 'ఊఁ' తయారుగా ఉంది. ఇన్ని ఇళ్ళల్లో అన్న మాటే. కానీ ఆ ఇళ్ళల్లో అనే ముందు కుంచె తడిపాడు. ఇక్కడ తడపలేదు.

కళ్ళు తెరిచేసరికి బావమరిది, ఆయన వంగడమే సమ్మతి అనుకుని, బార్బెక్యూ మీద బోర్లించిన మూత తియ్యకుండానే ఒక బిళ్ళ మీద చెయ్యి వేసి, రెండో చేతి బొటనవేలు నిప్పురవ్వ మీట మీద పెట్టాడు. సిలిండరు ముందే తిప్పి ఉంచాడని అప్పుడు తెలిసింది మేస్త్రీకి. అరవలేదు. ఒక చేత్తో బావమరిది మణికట్టు పట్టుకుని, రెండో చెయ్యి పెట్టె పక్క తలుపులోంచి లోపలికి దూర్చి, సిలిండరు కట్టేశాడు. ఇస్త్రీ చొక్కా చెయ్యి తలుపు అంచుకి తగులుకుని చిరిగింది.

"ఏంటి బావా, వాసన వచ్చిందా?" బావమరిది గొంతులో నవ్వు పోయింది.

"లేదు."

"మరి?"

మేస్త్రీ ముందు పిల్లల్ని మెట్ల మీంచి లేపి పిట్టగోడ అవతలి చివరికి పొమ్మన్నాడు. ఎవరూ ఏ మీటా నొక్కొద్దు, ఎవరూ ఏదీ వెలిగించొద్దన్నాడు. యజమాని కనుబొమలు ముడిచి ఆయన వంకే చూస్తున్నాడు. వాసన రాలేదంటాడు, వెలిగించొద్దంటాడు, ఏమిటిది? ఇంతలో భార్య అడ్డం వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు కలిసి బతికిన మనిషి, ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలిసిన మనిషి.

"ఆయనకి పొద్దుటి నుంచీ జలుబురా," అంది తమ్ముడితో. "ముక్కు దిబ్బడేసింది. అందుకే తెలియడం లేదు. మరలు విప్పు, సబ్బునీళ్ళు నేను తెస్తా."

"అదా సంగతి," అన్నాడు యజమాని, ముఖం విప్పుకుని. బావమరిది కూడా ఊపిరి వదిలాడు. ఆ జలుబు ఎంత బాగా అమరిందంటే, వడ్రంగి చేసిన మూల లాగా, సందే లేదు. సిలిండరు కట్టేసి ఉంది. ప్రమాదం తప్పింది. పని పోదు, పేరు పోదు. ఊఁ కొట్టి ఊరుకుంటే చాలు.

మేస్త్రీ చిరిగిన చొక్కా చేతిని మెల్లగా పైకి మడుచుకున్నాడు.

"జలుబు కాదు," అన్నాడు. "నాకు వాసన తెలియదు. రెండేళ్ళయింది."

కింద వీధిలో ఎవరో బకెట్టు దింపిన చప్పుడు వినబడింది. భార్య కళ్ళు దించుకుంది. బావమరిది నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

"అదేంటి బావా. జలుబని చెబితే సరిపోయేది కదా. ఎవరడిగారు నిన్ను?"

"జలుబైతే తగ్గుతుంది. తగ్గాక మళ్ళీ నా ముక్కునే అడుగుతారు," అన్నాడు మేస్త్రీ. తర్వాత యజమాని వైపు తిరిగి, తల దించకుండా, "మీకు ముందే చెప్పాల్సింది సార్. చెప్పలేదు. తప్పే" అన్నాడు.

యజమాని బావమరిదికి పెట్టె మరల వైపు చెయ్యి చూపించాడు.

బార్బెక్యూ మూత బార్లా తెరిచారు. బావమరిది మరలు విప్పుతుంటే ఒక్కొక్క మర ఒక్కో గంటలా అనిపించింది. ఎనిమిదోది ఊడి, టేకు మూత పైకి లేవగానే యజమాని ఒక అడుగు వెనక్కి వేశాడు. బావమరిది భార్య పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బావమరిది ముఖం తిప్పుకుని దగ్గాడు. పిట్టగోడ దగ్గర పిల్లలు కూడా ఛీ అన్నారు. మేస్త్రీకి మాత్రం ఏమీ తెలియలేదు. వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ, పెట్టె నిండా ఎంత గ్యాసు నిలవుందో లెక్క కట్టుకున్నాడు.

చీమ దూరే సందు కూడా లేకుండా చేశాడు కదా బావమరిది. గ్యాసుకీ దూరే సందు లేదు, గొట్టం కోసం అడుగున పెట్టిన ఆ కంత తప్ప. ఆ కంత తిన్నగా బర్నర్ల కిందికి చూస్తోంది. అందుకే వాసన ఎవరికీ అందలేదు. నీరు పల్లమెరుగు అంటారు, ఈ గ్యాసూ అంతే, గాలి కంటే బరువు, పల్లానికే పోతుంది, పల్లంలోనే పొంచి ఉంటుంది. పెట్టెలోంచి పొర్లితే బర్నర్ల కిందికి, అక్కడి నుంచి మెట్ల మీదికి. మెట్ల మీద ఎవరు కూర్చున్నారో ఎవరూ పైకి అనలేదు.

పావుగంట అలా వదిలేసి, గాలి తగలనిచ్చి, అప్పుడు సబ్బునీళ్ళు అడిగాడు. భార్య గిన్నెలు తోమే సబ్బు ఒక గ్లాసులో కలిపి తెచ్చింది. కుంచె లేదు. మాంసం ముక్కలకి నూనె రాయడానికని బావమరిది కొనుక్కున్న కొత్త కుంచె ఉంది, ఇంకా అట్ట కూడా విప్పలేదు. దాన్నే విప్పాడు. బిళ్ళలన్నీ కట్టేసి ఉన్నాయని చూసుకుని, సిలిండరు వెంట్రుకవాసి తిప్పి, మోకాళ్ళ మీద కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాడు. సిలిండరు మెడ, ఏమీ లేదు. రెగ్యులేటరు, ఏమీ లేదు. కొత్త గొట్టానికి పాత గొట్టం కలిపి ఇనుప తీగ మెలిపెట్టిన చోట కుంచె ఆనించాడో లేదో, కప్ప గొంతులా ఒక బుడగ ఉబ్బింది. పగిలింది. దాని వెనకే ఇంకొకటి, దాని వెనకే గుత్తి.

"ఇటు రండి," అన్నాడు. "చూడండి అందరూ. దీనికి ముక్కు అక్కర్లేదు. కళ్ళుంటే చాలు."

యజమాని కూడా వంగి చూశాడు. మేస్త్రీ సిలిండరు మళ్ళీ కట్టేశాడు. బావమరిది మోకాళ్ళ మీద కూలబడి, తను మెలిపెట్టిన తీగ వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే కిందికి వెళ్ళి చెక్క తొలిచే బర్మా తెచ్చాడు. తన చేత్తో మెరుగు పెట్టిన పెట్టె అడుగున, నాలుగు వైపులా, రూపాయి బిళ్ళంత చిల్లులు పెట్టాడు. ఒక్కో చిల్లుకీ చెక్క పొట్టు రాలుతుంటే తన ఒంట్లోంచి రాలుతున్నట్టు ముఖం పెట్టాడు గానీ, చెయ్యి ఆపలేదు. పాత గొట్టం ముక్క పారేశారు. బండితో వచ్చిన గొట్టాన్నే పెట్టె పక్క తలుపులోంచి తీసి బిగించి, బండినీ పెట్టెనీ మెట్ల గదికి దూరంగా, నాలుగు వైపులా గాలి ఆడే చోట పెట్టారు. మళ్ళీ కుంచె. ఈసారి సబ్బునీళ్ళు సబ్బునీళ్ళలాగే ఉన్నాయి.

అన్నాలు మూడున్నరకి తిన్నారు. ముక్కలు బాగానే కాలాయి, రెండో వాయిలో కాస్త సబ్బు రుచి తగిలిందని పిల్లలన్నారు. యజమాని ఒక మొక్కజొన్న పొత్తు తిని, చెయ్యి కడుక్కుని, వెళుతూ మేస్త్రీ పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"రేపు పొద్దున్నే షాపుకి రా," అన్నాడు.

మర్నాడు మేస్త్రీ సంచీ తీసుకుని వెళ్ళాడు. షాపువాళ్ళ స్పానర్లు, షాపువాళ్ళ ప్రెషరు మీటరు వేరుగా ఒక గుడ్డలో మూట కట్టాడు, అప్పజెప్పడానికి. షట్టరు సగమే లేపి ఉంది. యజమాని బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ మూట బల్ల మీద పెట్టాడు. యజమాని దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు. చాలాసేపు మందలించాడు. రెండేళ్ళు తనకి చెప్పకుండా ఇళ్ళకి వెళ్ళడం ఏమిటి, ఏదైనా జరిగి ఉంటే తను ఎవరికి ముఖం చూపించాలి, ఇన్నేళ్ళ మనిషివి, నాతో ఒక్క మాట అనలేకపోయావా అని. అన్నీ న్యాయమైన మాటలే. మేస్త్రీ నిలబడి విన్నాడు. ఒక్కదానికీ సంజాయిషీ చెప్పలేదు.

కోపమంతా అయిపోయాక యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు.

"రాత్రి నేనొకటి ఆలోచించా మేస్త్రీ. నీకు ముక్కున్న రోజుల్లో నెలకొకసారైనా ఎవరో ఒకరు ఫోను చేసేవాళ్ళు, మీ ముక్కు వచ్చి వెళ్ళినా మళ్ళీ కారుతోందని. ఈ రెండేళ్ళలో అలాంటి ఫోను ఒక్కటి వచ్చినట్టు గుర్తులేదు నాకు."

మేస్త్రీ సంచీలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి మూట పక్కన పెట్టాడు.

యజమాని దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పెట్టి ఊపి చూశాడు. నురగ లేచింది. ఇక నుంచి వాసన వస్తోందని ఎవరైనా కబురు చేస్తే నువ్వు ఒక్కడివే వెళ్ళకూడదు అన్నాడు. ముక్కున్న మనిషి తోడుండాలి. గుమ్మంలో అడుగు పెట్టకముందే పసిగట్టేవాడు ఒకడు కావాలి, అది సబ్బు వల్ల కాదు. మిగతా నలుగురూ వేరే పనుల్లో ఉంటారు కాబట్టి తనే వస్తానన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ బల్ల వెనక నుంచి లేవని మనిషి.

"ముక్కు నాది, చెయ్యి నీది. సరేనా?"

మేస్త్రీ తలూపాడు. మూట విప్పి స్పానర్లు మళ్ళీ సంచీలో వేసుకున్నాడు. ఆ రోజే ఒక ఇంటికి ఇద్దరూ వెళ్ళారు. యజమాని గుమ్మంలో నిలబడి, మేస్త్రీ వంగినట్టే వంగి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, వంటింట్లో ఏమీ లేదని తేల్చేశాడు. మేస్త్రీ మాట్లాడకుండా కుంచె తడిపాడు. గొట్టం చివర ఆవగింజంత బుడగ లేచింది. యజమాని దాన్ని చూసి, ఇంటావిడ వినకుండా, "ఇది ఎవరికీ చెప్పకు" అన్నాడు.

ఫిట్టర్లు నలుగురి సంచుల్లోనూ ఇప్పుడు ఒక్కో డబ్బా ఉంది. మేస్త్రీ మాత్రం ఇళ్ళల్లో వంగి గాలి పీల్చడం మానేశాడు. ఇంటివాళ్ళని మంచినీళ్ళకి పంపడం కూడా మానేశాడు. దగ్గర కూర్చోబెట్టుకుని, కుంచె వాళ్ళ చేతికే ఇచ్చి రాయిస్తున్నాడు. పేరు మాత్రం మారలేదు. ముక్కు మేస్త్రీ ముక్కు మేస్త్రీగానే ఉన్నాడు. ఒకసారి అంటుకున్న పేరు సబ్బు పెట్టి తోమినా పోదని బావమరిది అంటాడు.

పై ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీ అన్నం తిని వరండాలో కూర్చున్నాడు. భార్య చిరిగిన చొక్కా చేతికి కుట్టు వేస్తోంది. ఫోను మోగింది. బావమరిది.

"బావా, మేడ మీద ఉన్నా. అన్ని చోట్లా రాశా. రెండేసి సార్లు రాశా. ఒక్క బుడగ లేదు. సిలిండరు మెల్లగానే తిప్పా. పిల్లలు పిట్టగోడ దగ్గరే ఉన్నారు. వెలిగించనా?"

మేస్త్రీ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. కుట్టు వేస్తున్న భార్య చెయ్యి ఆగింది.

"మూత తెరిచావా?"

అటు నుంచి, బరువైన ఉక్కు మూత పైకి లేచి వెనక్కి వాలిన చప్పుడు వినబడింది.

"తెరిచా," అన్నాడు బావమరిది, కాస్త తగ్గిన గొంతుతో.

"ఊఁ, వెలిగించు."